కుండ నీళ్లు చల్లబడని రోజున దూరం పరుగెత్తడం ఎలా

పరుగుకు బయలుదేరే ముందు వసారాలోని మట్టికుండలో ఒక గ్లాసు నీళ్లు ముంచుకుని తాగండి. గొంతులో జిల్లుమని దిగితే ఆ రోజు ఒక పద్ధతి. నోటికి గోరువెచ్చగా తగిలితే ఇంకో పద్ధతి. నెల్లూరులో ఉంటూ వేసవిలోనూ పరుగు మానకుండా పదిహేనేళ్లు గడిపాక నాకు గట్టిగా తెలిసినది ఈ ఒక్క తేడా. ఒంటిని చల్లబరచుకునే ఉపాయాలు ఎవరిని అడిగినా పది చెబుతారు. ఏ ఉపాయం ఏ గాలికి పనికొస్తుందో చూసుకోకుండా అన్నీ కలిపి చేస్తే వాటిలో కొన్ని ఒకదాన్నొకటి చెరుపుతాయి.

కుండ సంగతి ముందు చెబుతాను. దాని గోడల్లోంచి ఊరిన నీరు గాలికి ఆరుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. చెమట మన ఒంటికి చేసే పని సరిగ్గా అదే. ఒక లీటరు చెమట ఒంటిమీదే పూర్తిగా ఆరితే సుమారు 580 కిలో క్యాలరీల వేడి పోతుంది. అదే చెమట కారి రోడ్డు మీద పడితే పోయేది నీరూ ఉప్పూ మాత్రమే, వేడి ఒంట్లోనే ఉంటుంది. పరుగులో ఖర్చయ్యే శక్తిలో నాలుగోవంతుకు మించి కదలికగా మారదు, మిగతా మూడు వంతులూ వేడే. 60 కిలోల మనిషి గంటకు 10 కిలోమీటర్ల వేగంతో సాగితే, ఆ వేడికి బయటికి దారి లేకుండా పోయిందనుకుంటే, సుమారు ఏడు నిమిషాలకో డిగ్రీ చొప్పున ఒళ్లు వేడెక్కుతుంది. అరగంటలో ప్రాణం మీదికి వస్తుంది. అలా రాకుండా కాపాడుతున్నది చెమట ఆరడమే. కుండ నీళ్లు చల్లబడని రోజున మన ఒళ్లూ చల్లబడదు.

మొదట గాలి ఎటునుంచో చూడండి

మన ప్రాంతానికి రెండు వేసవులు. ఒకటి పడమటి గాలిది. వెలికొండల వైపునుంచి మే నెలలో వీచే వడగాలి, 42, 43 డిగ్రీలు, పెదవులు పగిలేంత పొడి. ఉతికి ఆరేసిన పంచె పావుగంటలో బిరుసెక్కుతుంది. రెండోది సముద్రపు గాలిది. మధ్యాహ్నం గాలి తూర్పుకు తిరగగానే ఎండ నాలుగైదు డిగ్రీలు తగ్గుతుంది, కానీ ఉక్కపోత మొదలవుతుంది. మైపాడు, కొత్తపట్నం వైపు పల్లెల్లో తెల్లవారుజామున కూడా ఇదే ఉక్క. పైగా మనకు అసలు వానలు అక్టోబరునుంచి డిసెంబరు మధ్య పడతాయి. మిగతా రాష్ట్రం జూన్ వానల్లో తడుస్తున్నప్పుడు కూడా ఒంగోలు, కావలి, నెల్లూరు ఇంకా వేడిలోనే ఉంటాయి. రోహిణి కార్తె దాటితే గండం గడిచినట్టేనని పరుగెత్తేవాళ్లు అనుకోవడానికి లేదు.

43 డిగ్రీల పొడి ఎండ కంటే 34 డిగ్రీల ఉక్కపోత నయమని చాలామంది నమ్ముతారు. నీడలో కూర్చునేవారికి అది నిజం కావచ్చు. దూరం పరుగెత్తేవారికి మాత్రం ఆ 34 ఎక్కువ ప్రమాదం తేవచ్చు. 2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల మహిళల మారథాన్‌ను ఎండ తప్పించడానికి అర్ధరాత్రి వేళ పెట్టారు. ఎండ లేదు, 32 డిగ్రీల దగ్గరే ఉంది, కానీ గాలినిండా తేమ. 68 మంది మొదలుపెడితే 40 మందే చివరిదాకా వెళ్లారు. వాళ్లంతా ప్రపంచంలో ఎన్నదగిన పరుగుకారిణులని మరచిపోకండి.

కుండ మీద నమ్మకం చాలకపోతే ఒక గోడ థర్మామీటర్ కొనండి. దాని బుడ్డికి పలచటి నూలుగుడ్డ చుట్టి, తడిపి, గాలి తగిలే నీడలో వేలాడదీసి పది నిమిషాల తర్వాత చూడండి. పడమటి గాలి వీచే రోజున మామూలు థర్మామీటర్ 42 చూపినా తడి గుడ్డ చుట్టినది 24, 25 దగ్గర ఆగుతుంది. ఉక్కపోత రోజున మామూలుది 34 దగ్గరుంటే తడిది 30కి చేరుతుంది. సైనిక శిక్షణలో వడదెబ్బలు తగ్గించడానికి అమెరికాలో 1950లలో ఒక కొలత తయారుచేశారు. క్రీడల్లో ఇప్పటికీ వాడుతున్నది దాన్నే. ఆ కొలతలో ఈ తడి అంకెకు 70 శాతం విలువ ఇచ్చారు. ఎండలో పెట్టిన నల్లటి గోళం లోపలి థర్మామీటర్ అంకెకు 20 శాతం, మనం రోజూ వార్తల్లో వినే అంకెకు 10 శాతం మాత్రమే. నేను పెట్టుకున్న హద్దు ఇది: తడి అంకె 28 దాటితే వేగం పరుగు లేదు, నెమ్మదిగా సాగే పరుగైనా నలభై నిమిషాలు మించదు. మామూలు అంకె 40 దాటితే ఎండపొడలోకి అడుగే పెట్టను. మీ వయసును, సాధనను బట్టి మీ హద్దు ఇంకాస్త తక్కువగానే పెట్టుకోండి.

ఐసు కొనే ముందు రెండు వారాలు ఇవ్వండి

ఐసు, తడి తువ్వాలు, షర్బత్తు అన్నీ కలిపినా రెండు వారాల అలవాటుకు సాటి రావు. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పినా కుర్రాళ్లు దీన్ని దాటేసి ఐసు దగ్గరికే వెళతారు. దయచేసి మీరు అలా చేయకండి.

మొదటి రెండు రోజులు ఇరవై నిమిషాలు, మాట్లాడుతూ పరుగెత్తగలిగే వేగంలో. తర్వాత రోజుకు ఐదారు నిమిషాలు పెంచుతూ పోయి, పదిహేను రోజులకు గంట, గంటంపావు దగ్గర ఆపండి. పొద్దున ఏడు, ఎనిమిది మధ్యగానీ సాయంత్రం ఐదు తర్వాతగానీ చేయండి. మధ్యాహ్నం వద్దు. మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలో నీటి భాగం పెరిగి, అదే వేగానికి గుండె కొట్టుకునే లెక్క తగ్గుతుంది. వారం దాటాక చెమట తొందరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. చొక్కా మీద తెల్లటి చారలు పలచబడడం మీ కంటికే కనిపిస్తుంది. ఈ పదిహేను రోజులూ పరుగుకు ముందు ఐసు జోలికి వెళ్లకండి. ఒళ్లు కొంచెం వేడెక్కితేనే నేర్చుకుంటుంది.

ఈ అలవాటు నిలిచేది రెండు మూడు వారాలే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏసీ గదిలో ఏడాదంతా పనిచేసి, సెలవులకు ఊరొచ్చిన మర్నాడే పాత వేగంతో మైపాడు దాకా వెళ్లివద్దామనుకునేవారికి ఇది మరీ ముఖ్యం.

బయలుదేరే ముందు గంట

పరుగు మొదలుపెట్టేటప్పటికి ఒళ్లు ఎంత చల్లగా ఉంటే, ప్రమాదపు గీత అంత దూరంలో ఉంటుంది. కాబట్టి ఆ గంట చాలా విలువైనది.

మొదట స్నానం. మేడ మీద ట్యాంకు నీళ్లతో చేయకండి, మే నెలలో ఆ నీళ్లతో కందిపప్పు నానబెట్టుకోవచ్చు. బోరు మోటారు వేసి నేరుగా వచ్చే నీళ్లుగానీ, రాత్రి వసారాలో బకెట్లలో పట్టి ఉంచుకున్న నీళ్లుగానీ వాడండి. తల, మెడ, వీపు, ఛాతీ మీద పది పదిహేను నిమిషాలు నింపాదిగా పోసుకోండి. తొట్టె ఉంటే నడుము పైదాకా మునిగి కూర్చోవచ్చు. వణుకు వచ్చేంత చల్లగా వద్దు. వణుకుతూ ఒళ్లు కొత్త వేడి పుట్టిస్తుంది. పిక్కలు, తొడల మీద ఐసు పెట్టకండి. చల్లబడ్డ కండరం బిగుసుకుని మొదటి రెండు కిలోమీటర్లు మొరాయిస్తుంది.

రెండోది ఐసు జావ. నీళ్లు తాగడం కంటే ఐసు మింగడం ఎందుకు మేలంటే, ఒక గ్రాము ఐసు కరగడానికే 80 క్యాలరీల వేడి కావాలి. అది కరిగి నీరయ్యాక ఒంటి వేడికి చేరడానికి కావలసింది 37 మాత్రమే. అంటే కరగడంలోనే అసలు చలువ ఉంది. కిలో బరువుకు 7 గ్రాముల లెక్కన తీసుకోండి, 60 కిలోల మనిషికి 420 గ్రాములు, రెండు గ్లాసులు. ఇంట్లో చేసే విధానం ఇలా. తాగే నీటిని స్టీలు గిన్నెలో గడ్డకట్టించండి. ఆ గడ్డను శుభ్రమైన గుడ్డలో మూటకట్టి అప్పడాల కర్రతో చితక్కొట్టండి, నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు పోతుంది. రెండు వంతుల ఐసుకు ఒక వంతు చల్లటి నిమ్మరసమో నన్నారి షర్బత్తో పోసి, చిటికెడు ఉప్పు వేసి, మిక్సీ రెండుసార్లు ఆపి ఆపి తిప్పండి. చెంచాతో తీస్తే కారీకారనట్టు, తడి ఇసుకలా జారాలి. గడ్డలు పళ్లకు తగులుతుంటే ఇంకోసారి తిప్పండి. నీళ్లలా పోతుంటే ఐసు చాలలేదు. పరుగుకు నలభై నిమిషాల ముందు మొదలుపెట్టి, చెంచా చెంచాగా, పది నిమిషాల ముందు ముగించండి. గబగబా మింగితే నుదురు పగిలినట్టు నొప్పి వస్తుంది. కొందరికి కడుపు పట్టేస్తుంది, కాబట్టి పోటీ రోజున మొదటిసారి ప్రయత్నించకండి, ఇంటి దగ్గర రెండు మూడుసార్లు చూసుకోండి.

ఒక హెచ్చరిక. మన తీరంలో ఐసు అంటే చేపల ఐసు ఫ్యాక్టరీయే గుర్తొస్తుంది. ఆ దిమ్మెలు తొట్టెకు, తువ్వాళ్లకు బాగా పనికొస్తాయి. వాటిని నోట్లో మాత్రం వేసుకోకండి. అవి చేపల కోసం చేసినవి, తాగే నీటితో చేశారన్న పూచీ లేదు.

మూడోది తువ్వాళ్లు. బకెట్లో ఐసు నీళ్లు, అందులో నాలుగు పలచటి నూలు తువ్వాళ్లు. టర్కీ తువ్వాలు వద్దు, అది నీళ్లు పట్టుకుంటుంది గానీ ఒంటికి అంటుకోదు. మెడ చుట్టూ, భుజాల మీద, వీపున వేసుకుని రెండు మూడు నిమిషాలకోసారి మార్చండి. 2004 ఏథెన్స్ ఒలింపిక్ మారథాన్‌లో పురుషుల్లో రజతం అందుకున్న మెబ్ కెఫ్లెజిగి, మహిళల్లో కాంస్యం అందుకున్న డీనా కాస్టర్ ఇద్దరూ పరుగుకు ముందు ఐసు కోటు వేసుకున్నవారే. కోటు మనకు అక్కరలేదు. పలచటి కవర్లలో నీళ్లు పోసి గడ్డకట్టించి, తువ్వాల్లో చుట్టి, భుజాల మీదుగా ముందుకు వెనక్కు వేలాడేట్టు వేసుకుంటే అదే పని జరుగుతుంది.

ఒళ్లు వెచ్చబరచుకునే వ్యాయామం నీడలో, ఐదారు నిమిషాలు చాలు. చలికాలంలో చేసినట్టు ఇరవై నిమిషాలు గంతులేస్తే చేసిన చలువంతా పోతుంది.

కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలకు వెళ్లే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ భాగం ముఖ్యంగా చెబుతున్నాను. 1600 మీటర్లు కొద్ది నిమిషాల పరుగే. మిమ్మల్ని దెబ్బతీసేది దానికి ముందు మైదానంలో ఎండలో నిలబడే రెండు మూడు గంటలు. గొడుగు, రెండు తడి తువ్వాళ్లు, థర్మోకోల్ పెట్టెలో ఐసు తీసుకెళ్లండి. మీ వెంట వచ్చినవారిని పిలుపు వచ్చేదాకా మీ పక్కనే ఉంచుకునే వీలుంటే వాళ్లచేత తువ్వాళ్లు మార్పించుకోండి. చెట్టు నీడ దొరికితే వరుసలో చోటు పోతుందేమోనని వదులుకోకండి, చోటు చూసుకోమని పక్కవారిని అడగండి.

దారిలో: పడమటి గాలి రోజు

ఈ రోజున మీ ఆయుధం నీళ్లు, ఐసు కాదు. గాలి ఎంత నీటినైనా ఆరబెట్టేస్తుంది, కాబట్టి చెమటకు తోడు ఒంటికి నీళ్లు ఇస్తూ పోవాలి. రెండు సీసాలు పెట్టుకోండి, ఒకటి తాగడానికి, ఒకటి ఒంటికి. చొక్కా, టోపీ, ముంజేతులు, మెడ పది నిమిషాలకోసారి తడుపుకోండి, చొక్కా ఆరిపోయేదాకా ఆగకండి. కుండ నీళ్లు చాలు. పని చేసేది ఆరడం, నీటి చల్లదనం పెద్ద లెక్కలోకి రాదు. చెమట తుడుచుకోకండి. పలచటి నూలు చొక్కా, చేతులు పొడుగ్గా ఉన్నా మంచిదే, తెల్లదైతే మరీ మంచిది.

ఈ రోజున దారిలో ఐసు మింగితే లాభం తక్కువ. కడుపులో చల్లదనం తగలగానే ఒళ్లు చెమట తగ్గించేస్తుంది. పొడి గాలిలో ఆ తగ్గిన చెమట అంతా ఆరి చలువ చేసేదే కాబట్టి, ఇటు వచ్చింది అటు పోతుంది. బయలుదేరే ముందు తిన్న ఐసు జావ వరకు సరే.

గాలి చర్మం కంటే వేడిగా ఉన్నప్పుడు పొడి ఒంటిమీద తగిలే గాలి పొయ్యి ముందు విసనకర్రతో విసిరినట్టే. సైకిల్ తొక్కేవారు ఇది గుర్తుంచుకోవాలి. 25 కిలోమీటర్ల వేగంలో గాలి బాగా తగులుతుంది కదా అని ఒంటిని పొడిగా ఉంచితే ఆ గాలే వేడిని ఎక్కిస్తుంది. చొక్కా తడిగా ఉంటే అదే గాలి మేలు చేస్తుంది.

దారిలో: ఉక్కపోత రోజు

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. చెమట ఎలాగూ కారిపోతోంది, ఆరడం లేదు. మామూలు నీళ్లు నెత్తిన పోసుకుంటే అవీ కారిపోతాయి. ఈ రోజున ఐసు నిజంగా పనికొస్తుంది, లోపలికీ బయటికీ. కడుపులో ఐసు పడి చెమట కొంత తగ్గినా పోయేది నేలమీద పడే చెమటే.

అయితే ఐసు కంటే ముందు వేగం తగ్గించండి. మొదటి కిలోమీటరునుంచే తగ్గించాలి, అలసట వచ్చాక తగ్గిస్తే ఆలస్యమైనట్టే. నాలుగైదు మాటలు ఒక్క ఊపిరిలో అనగలగాలి. అనలేకపోతున్నారంటే మీ గడియారం ఏం చూపినా మీరు ఎక్కువ వేగంలో ఉన్నారు.

ఇరవై కిలోమీటర్లు ఒకే దారిన వెళ్లి రావడం మానండి. మూడు కిలోమీటర్ల చుట్లుగా విడగొట్టి, చుట్టు మొదట్లో చెట్టు కింద థర్మోకోల్ పెట్టె, ఐసు నీళ్ల బకెట్ ఉంచండి. ప్రతి చుట్టుకూ రెండు నిమిషాలు ఆగండి. రెండు చేతులూ మోచేతుల దాకా బకెట్లో ముంచండి. అరచేతుల్లో వేడిని బయటికి పంపే రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. విరామం పది నిమిషాలు ఇవ్వగలిగితే ఇది ఇంకా బాగా పనిచేస్తుంది. ఈలోగా తాగే నీటి ఐసు ముక్కలు నోట్లో వేసుకుని మింగండి. పాత పంచె చింపి పొడుగు పట్టీగా చేసి, మధ్యలో ఐసు పోసి చుట్టి మెడకు కట్టుకుని మళ్లీ కదలండి. టోపీలో గుప్పెడు ఐసు వేసుకున్నా మంచిదే. మొదట ఇలా ఆగడం చిరాకనిపిస్తుంది, రెండు వారాల తర్వాత మీరే ఆ బకెట్ కోసం ఎదురుచూస్తారు.

మెడ మీద ఐసు గురించి ఒక మాట. అది హాయినిస్తుంది, కాళ్లకు సత్తువ వచ్చినట్టు చేస్తుంది, పోటీలో సమయం తగ్గిస్తుంది కూడా. కానీ ఒంటి లోపలి వేడిని దాదాపు తగ్గించదు. పుదీనా పువ్వు (మెంథాల్) కలిపిన నీటితో నోరు పుక్కిలించినా అంతే, చల్లబడినట్టు అనిపిస్తుంది, ఒళ్లు చల్లబడదు. ఒక జులైలో ఇందుకూరుపేట దారిలో మెడ చుట్టూ ఐసు పట్టీ కట్టుకుని, ఆ హాయిని నమ్మి ఆఖరి నాలుగు కిలోమీటర్లు వేగం పెంచాను. ఇంకో కిలోమీటరు ఉందనగా కళ్ల ముందు రోడ్డు పసుపు రంగుకు తిరిగింది, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అంత వేడిలో చలి పుట్టడం చాలా చెడ్డ గుర్తు. కాలువ గట్టు మీద కూలబడ్డాను. ఆ తర్వాత నాలుగు రోజులు మెట్లెక్కితే గుండె దడదడలాడేది. మెడ పట్టీ వాడండి, కానీ దాన్ని కట్టుకుని వేగం పెంచకండి.

ఎంత తాగాలి

పరుగుకు ముందు, తర్వాత బట్టలు విప్పి బరువు చూసుకోండి. తగ్గిన ప్రతి కిలో సుమారు లీటరు చెమట. గంటకు మీ చెమట ఎంతో రెండు మూడుసార్లు చూస్తే తెలిసిపోతుంది. బరువులో రెండు శాతం కంటే ఎక్కువ తగ్గకుండా, దాహం వేసినప్పుడల్లా తాగుతూ పోతే చాలు. బరువు పెరిగి వస్తే మీరు అతిగా తాగారని అర్థం, అది కూడా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. గంట దాటితే లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలుపుకోండి, చెంచాలు తలగొట్టి కొలవాలి. మజ్జిగ, ముంజలు, కొబ్బరి నీళ్లు ఇంటికొచ్చాక.

జ్వరం, విరేచనాలు, నిద్ర లేని రాత్రి, ముందురోజు మద్యం, వీటిలో ఏది ఉన్నా ఆ రోజు పరుగు లేదు. రక్తపోటుకో జలుబుకో మందులు వాడుతుంటే ఎండలో పరుగు గురించి మీ డాక్టరును ముందే అడగండి, కొన్ని మందులు చెమటను, ఒంట్లో నీటిని తగ్గిస్తాయి.

తోటివారు తడబడితే

ఇది మాత్రం రెండుసార్లు చదవండి.

ఒక రోహిణి కార్తెలో మేం ఆరుగురం మైపాడు రోడ్డు మీద తెల్లవారుజామున వెళుతున్నాం. పదహారో కిలోమీటరు దగ్గర మాలో చిన్నవాడు, ఇరవై రెండేళ్లవాడు, "అన్నా, ఇంకెంత దూరం?" అని అడిగాడు. చెప్పాను. నిమిషం గడవకుండా మళ్లీ అదే ప్రశ్న. మూడోసారి అడిగాక, ఆగుదాం రా అని చెయ్యి పట్టుకుంటే ఎప్పుడూ గొంతెత్తనివాడు నన్ను కసిరి తోసేశాడు. నాలుగు అడుగులు పక్కకు పక్కకు వేసి పడిపోయాడు. ఒంటినిండా చెమట ధారలు. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదని మాలో ఒకరన్నారు. అది తప్పు. పరుగులో వచ్చే వడదెబ్బలో చాలాసార్లు చెమట పడుతూనే ఉంటుంది. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మాటా నడకా ప్రవర్తనా మారాయంటే అదే వడదెబ్బ. చంకలో పెట్టే థర్మామీటర్ ఆ సమయంలో తక్కువ చూపించి మోసం చేస్తుంది, దాన్ని నమ్మకండి.

మా అదృష్టం, పక్కనే రొయ్యల చెరువు పట్టుబడి జరుగుతోంది. గట్టు మీద పెద్ద ప్లాస్టిక్ తొట్టె, వ్యాన్‌లో ఐసు. ఆటోలో నెల్లూరు తీసుకెళదామని అందరూ అంటుంటే, ఆ చెరువు రైతు తొట్టెలోని రొయ్యలను ట్రేల్లోకి దులిపించి, నీళ్లు పట్టించి, ఐసు కుమ్మరించి, "ముందు దించండయ్యా, తర్వాత తీసుకెళుదురు" అన్నాడు. చొక్కా, బూట్లు తీసి మెడ దాకా దించాం. నేను వెనకనుంచి చంకల కింద తువ్వాలు పోనిచ్చి తల మునగకుండా పట్టుకున్నాను, ఇద్దరు నీళ్లు కలుపుతూనే ఉన్నారు, ఒకరు 108కి ఫోను చేశారు. మొదట గింజుకున్నాడు, బూతులు తిట్టాడు. పదకొండు, పన్నెండు నిమిషాలకు కళ్లు తెరిచి, "నా ఎడమ బూటు ఏది?" అన్నాడు. అంబులెన్సు వచ్చింది ఆ తర్వాతే.

ఆ రైతు అన్న మాటే వైద్యుల మాట కూడా: ముందు చల్లబరచండి, ఆ తర్వాత తరలించండి. ఐసు నీటిలో ముంచితే నిమిషానికి సుమారు 0.2 డిగ్రీ చొప్పున వేడి దిగుతుంది, పావుగంటలో మూడు డిగ్రీలు. మొదటి అరగంటే ప్రాణాన్ని, మెదడును కాపాడుతుంది. అమెరికాలో ఫాల్మౌత్ అనే చోట ఏటా జరిగే రోడ్డు పరుగులో 18 ఏళ్లలో 274 మందికి వడదెబ్బ తగిలితే, అక్కడికక్కడే ఐసు తొట్టెలో ముంచినందువల్ల అందరూ బతికారు.

తొట్టె లేకపోతే నీడకు చేర్చి, బట్టలు తీసి, దొరికిన నీళ్లన్నీ ఒంటిమీద పోస్తూ గట్టిగా విసరండి. తడి దుప్పట్లు, ఐసు తువ్వాళ్లు ఒళ్లంతా కప్పి రెండు నిమిషాలకోసారి మార్చండి. మోటారు పంపు కింద పడుకోబెట్టినా మంచిదే, ముక్కు నోరు మాత్రం నీటికి దూరంగా ఉంచండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు, సోడా పోయకండి. జ్వరం మాత్రలు వేయకండి, ఈ వేడికి అవి పనిచేయవు. మాట తేరుకుని, వణుకు మొదలయ్యాక బయటికి తీయండి. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే, కాలేయానికి, మూత్రపిండాలకు జరిగిన దెబ్బ మర్నాటికిగానీ బయటపడదు. డాక్టరు సరేననేదాకా మళ్లీ పరుగు లేదు.

అందుకే మా బృందం ఇప్పుడు ఎంత చిన్న పోటీ పెట్టినా ముందుగా చూసేది గట్టి తొట్టె ఒకటి, పది దిమ్మెల ఐసు. పతకాలు, బ్యానర్లు ఆ తర్వాత.

కుండ సంగతి మళ్లీ

రోజూ చూసుకునే కొలబద్ద కాబట్టి కుండను సరిగా ఉంచుకోవాలి. బోరు నీటిలోని ఉప్పు, సున్నం కుండ రంధ్రాల్లో పేరుకుపోతాయి. అప్పుడు పడమటి గాలి వీస్తున్నా నీళ్లు చల్లబడవు, మీరు ఉక్కపోత అనుకుని పొరపడతారు. వారానికోసారి లోపలా బయటా కొబ్బరి పీచుతో రుద్ది కడగండి, సబ్బు వద్దు. ఉగాది దాటగానే కొత్త కుండ కొనండి. రంగు వేసినది, నున్నగా మెరిసేది తీసుకోకండి, ఊరదు. నీళ్లు పోసిన గంటకు బయట చెయ్యి పెడితే తడి తగలాలి. గాలి ఆడే వసారాలో, ఎండ పడని మూల, తడి ఇసుక మీద పెట్టి, రాత్రి పడుకోబోయే ముందు నిండుగా పోసి మూతపెట్టండి. తెల్లారి నాలుగున్నరకు లేచి మొదటి గ్లాసు అందులోంచే ముంచుకోండి.